మృతుల పండుగకు వహాకా: చిన్న బృందంతో వెళ్ళడం మేలా, సొంతంగా వెళ్ళడం మేలా?

కందిపొడి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వచ్చే అక్టోబరు చివరి వారంలో మా అమ్మగారితో కలిసి మెక్సికోలోని వహాకా నగరానికి వెళ్ళాలనుకుంటున్నాను. నవంబరు 1, 2 తేదీల్లో అక్కడ జరిగే మృతుల పండుగను, అంటే వారు ‘దియా దే మ్వెర్తోస్’ అని పిలుచుకొనే పండుగను, ఒక్కసారైనా చూడాలన్నది అమ్మ కోరిక. ఆమెకు 66 ఏళ్ళు. బాగానే నడుస్తారు కాని, రాత్రంతా మేల్కొని తిరగడం కష్టం. ఆమె శాకాహారి, నేను కాదు. ఆమెకు వంట మీద, నాకు మట్టిపని, నేతపని మీద ఆసక్తి ఎక్కువ.

ప్రస్తుతం నా ముందు రెండు ప్రణాళికలు ఉన్నాయి. మొదటిదానిలో పదిమందికి మించని బృందంతో ఎనిమిది రోజులూ వహాకా చుట్టుపక్కలే ఉంటాము. రెండు పూటలు వంట నేర్పుతారు, మూడు నాలుగు చేతిపనుల ఊళ్ళు చూపిస్తారు, ఒక రాత్రి శ్మశానానికి తీసుకువెళ్తారు. రెండవదానిలో పదకొండు రోజుల్లో మెక్సికో సిటీ, ప్యూబ్లా, వహాకా, పాత్స్‌క్వారో సరస్సు అన్నీ చుట్టి వస్తాము. ఖర్చు దాదాపు సమానం. ఈ రెండూ కాకుండా మేమే గది తీసుకొని సొంతంగా తిరగవచ్చునని, అది చాలా చవక అని మా బంధువు ఒకరు అంటున్నారు.

నన్ను తొలుస్తున్న సందేహం ఖర్చు గురించి కాదు. ఎవరో తమవారి సమాధుల దగ్గర దీపాలు పెట్టుకొని కూర్చుంటే, ఏ సంబంధమూ లేని మేము వ్యానులో దిగి వారి మధ్య తిరగడం ఎంతవరకు సబబు? బృందంతో వెళ్తే ఆ ఇబ్బంది తగ్గుతుందా, పెరుగుతుందా? వెళ్ళివచ్చినవారు చెప్పగలరని కోరుతున్నాను.

మట్టిమూకుడు (జవాబు)

కందిపొడి గారికి నమస్కారం. ఈ పండుగకు నేను వహాకా రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి పద్నాలుగు మందితో, రెండవసారి ఆరుగురితో. ఆ రెండు ప్రయాణాల మధ్య నేను చూసిన తేడాను బట్టి ఈ జవాబు రాస్తున్నాను.

ముందుగా రెండవ ప్రణాళికను పక్కన పెట్టండి. పాత్స్‌క్వారో సరస్సు మిచోవకాన్ రాష్ట్రంలో ఉంది. వహాకా నుంచి అక్కడికి చేరేసరికి ఒక రోజు దారిలోనే గడిచిపోతుంది. రెండుచోట్లా పండుగ అవే రాత్రుల్లో జరుగుతుంది కాబట్టి, ఎంత నేర్పుగా తేదీలు సర్దినా ఒకచోట మీకు మిగిలేది వాడిన పూలే. మెక్సికో సిటీలో జరిగే పెద్ద ఊరేగింపు మీద మనసుంటే, అది మొదలైనది 2016లోనని, అంతకు ముందు ఏడాది విడుదలైన ఒక జేమ్స్ బాండ్ చిత్రంలోని కల్పిత ఊరేగింపే దానికి ప్రేరణ అని గుర్తుంచుకోండి. చూడడానికి బాగానే ఉంటుంది కాని, మీ అమ్మగారు చూడాలనుకుంటున్నది అది కాదని నా అనుమానం.

ఇక చిన్న బృందం సంగతి. దానికి వంటింట్లో విలువ ఉంది, చేతిపనివారి ఇంట్లో అంతకంటే ఎక్కువ విలువ ఉంది, శ్మశానంలో మాత్రం ఏ విలువా లేదు. అక్కడ పదిమంది కూడా గుంపే.

వంటింటి మాట ముందు చెప్తాను. రెండవసారి వెళ్ళినప్పుడు తియోతిత్లాన్ దెల్ వాయే అనే నేతగాళ్ళ ఊరిలో ఒక ఇంటివారు మాకు మోలే నెగ్రో చేసి చూపించారు. ఇరవైకి పైగా దినుసులు పడే నల్లటి చిక్కని పులుసు అది. దానికి అసలైన మిరపకాయ పేరు చిల్వాక్లే. వహాకా రాష్ట్రంలోని కన్యాదా అనే లోయ ప్రాంతంలో పండుతుంది, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. ఆ ఇంటి పెద్దావిడ కాయల తొడిమలు తీసి, గింజలు వేరు చేసి, మట్టి పెనం మీద కాయలను బొగ్గు రంగు వచ్చేదాకా కాల్చారు. మనమైతే మాడిపోయిందని పారబోసే దశ అది. అక్కడ అసలు వంట ఆ దశలోనే మొదలవుతుంది. గింజలను విడిగా నల్లగా మాడ్చి, నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి, చేదు విరగ్గొట్టారు. ఆ ఘాటుకు మేము ఆరుగురమూ దగ్గుకుంటూ పెరట్లోకి పరుగెత్తాము. ఆవిడ మాత్రం శాలువా చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని పెనం దగ్గర నుంచి కదలలేదు. తరువాత నువ్వులు, బాదం, ఎండుద్రాక్ష, వేయించిన అరటిపండు, కాల్చిన రొట్టె ఒకదాని తరువాత ఒకటి మెతాతే మీదకు చేరాయి. మెతాతే అంటే మన సన్నికల్లు వంటిదే, కాకపోతే మూడు కాళ్ళతో ముందుకు వాలి ఉంటుంది. మేము ఆరుగురమే కాబట్టి ప్రతి ఒక్కరికీ పొత్రం చేతికి వచ్చింది, నడుము నొప్పి కూడా వచ్చింది. మొదటి ప్రయాణంలో పద్నాలుగు మందికీ ఒక భోజనశాలలో ముందే నూరి పెట్టిన ముద్దను చూపించారు. గరిటెతో తలా ఒకసారి కలిపి, ఫొటో తీసుకొని వచ్చేశాము. దానినీ వంట నేర్పడమనే అన్నారు.

రెండవ విషయం, పండుగ కంటే పండుగ ముందు రోజులే మీ ఇద్దరి ఆసక్తికి సరిపోతాయి. అక్టోబరు 27 నాటికైనా అక్కడ ఉండండి. ఆ వారంలో వచ్చే ఆదివారం త్లాకోలూలా సంతకు, శుక్రవారం ఓకోత్లాన్ సంతకు కేటాయించండి. నగరంలోని అబాస్తోస్ అంగడికి బంతిపూలు, కోడిజుట్టు పూలు లారీల మీద దిగుతాయి. బంతిపువ్వు పుట్టిల్లు ఆ దేశమే. వారు దానిని సెంపసూచిల్ అంటారు, నవాత్ల్ భాషలో ఆ మాటకు ఇరవై పువ్వులని అర్థం. రొట్టెల అంగళ్ళలో గుడ్డు పచ్చసొన కలిపిన గుండ్రటి రొట్టెలు కనబడతాయి. ఒక్కొక్క రొట్టె మీద బొటనవేలంత బొమ్మ ముఖం గుచ్చి ఉంటుంది. ఇళ్ళలో చెరకు గడలతో తోరణం కట్టి, పూలు, నారింజలు, వేరుశెనగలు, చాక్లెట్, నీళ్ళ గ్లాసు, ఉప్పు, చనిపోయినవారి ఫొటో పెట్టి వేదిక అమరుస్తారు. ఇదంతా పండుగకు రెండు మూడు రోజుల ముందు జరిగే సందడి. నవంబరు 1, 2 తేదీల్లో చేతిపనివారిలో చాలామంది పని ఆపివేస్తారు. చనిపోయినవారు ఆ రోజుల్లో ఇంటికి వస్తారని నమ్మకం, వారి ఇళ్ళకూ వారి పెద్దలు వస్తారు కదా! ఆ రెండు రోజుల్లో నాలుగు ఊళ్ళు చూపిస్తామని ఎవరైనా రాస్తే, ఏ ఇంటి తలుపు తెరిచి ఉంటుందో అడగండి.

శ్మశానం మాట రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. మొదటిసారి అక్టోబరు 31 రాత్రి మమ్మల్ని హోహోకోత్లాన్ తీసుకువెళ్ళారు. నగరానికి ఆనుకొని ఉన్న ఊరు కాబట్టి అందరూ అక్కడికే వస్తారు. గోడ బయట తినుబండారాల బండ్లు, రంగులరాట్నాలు, లోపల వేల కొవ్వొత్తులు. మా మార్గదర్శకుడు కర్రకు జెండా కట్టి ముందు నడుస్తుంటే, మేము పద్నాలుగు మందిమి వరుసగా సమాధుల నడుమ సాగాము. ఒకచోట దారి ఇరుకైంది. తనవారి సమాధి చుట్టూ పేర్చిన కొవ్వొత్తులను ఒక ముసలావిడ ఒక్కొక్కటిగా పక్కకు జరిపి మాకు దారి ఇచ్చింది, ఏమీ అనలేదు. మేము దాటిన తరువాత వెనక్కి చూస్తే, వాటిని మళ్ళీ మొదటి చోట పెట్టుకుంటూ కనిపించింది.

రెండవసారి ఆరుగురం గుంపుగా వెళ్ళలేదు. ఇద్దరిద్దరం విడిపోయి, చేతిలో పూలు, కొవ్వొత్తులు పట్టుకొని వెళ్ళాము. మాకు వంట చేసి చూపిన కుటుంబం నవంబరు 2న తమ ఊరి శ్మశానానికి రమ్మని పిలిస్తే, అక్కడ గంటసేపు కూర్చున్నాము. కెమెరా సంచిలోనే ఉంది. కాబట్టి నిర్వాహకులను మూడు విషయాలు అడగమని నా సలహా: శ్మశానంలో బృందాన్ని విడదీస్తారా, మీ అమ్మగారు తొమ్మిది గంటలకే తిరిగి రావాలంటే వాహనం ఉంటుందా, ఇంట్లోకి రానిచ్చే కుటుంబానికి మీరు కట్టే డబ్బులో ఎంత అందుతుంది. మూడవ ప్రశ్నకు సూటిగా జవాబు ఇచ్చేవారిని నేను నమ్ముతాను.

ఒంటరి బాటసారి (జవాబు)

మట్టిమూకుడు గారు రాసినదానిలో ఎక్కువ భాగాన్ని ఒప్పుకుంటాను కాని, బృందం తప్పనిసరి అన్న ధ్వనితో ఏకీభవించలేను. వహాకా నగరం నడిచి చూడగలిగేది. అక్కడి నుంచి నల్లమట్టి పాత్రల ఊరు సాన్ బార్తోలో కోయోతెపెక్ సుమారు 12 కిలోమీటర్లు, తియోతిత్లాన్, త్లాకోలూలా 30 కిలోమీటర్లకు అటూ ఇటూ. నలుగురైదుగురు కలిసి ఎక్కే కొలెక్తీవో టాక్సీలు ఆ దారుల్లో రోజంతా తిరుగుతాయి. 20 దే నొవియెంబ్రే అంగడిలో భోజనం చేసి, పక్కనే మీనా వీధిలో కోకో గింజలు, బాదం, దాల్చినచెక్క, చక్కెర మీకు నచ్చిన పాళ్ళలో చెప్పి మరలో ఆడించుకోవడానికి ఎవరి బృందమూ అక్కరలేదు. మర నోటి నుంచి వేడి ముద్ద జారుతుంటే, వేలితో తీసి రుచి చూడమంటారు. చక్కెర చాలకపోతే మళ్ళీ వేసి ఆడిస్తారు.

అయితే నిజం చెప్పాలి. సొంతంగా వెళ్ళినప్పుడు నేను అంగళ్ళు చూశాను, వీధి ఊరేగింపులు చూశాను, ఒక్క ఇంటి వంటగది మాత్రం చూడలేదు. కొద్దిపాటి స్పానిష్ వచ్చినా నాకు తెరుచుకోని ఆ తలుపును తెరిచినందుకే బృందానికి డబ్బు కట్టాలి. పైగా ఆ వారం గదులు చాలా నెలల ముందే నిండిపోతాయి. చవక అన్న మీ బంధువు మాట వేరే నెలలకు వర్తిస్తుంది. ఊరేగింపుల కోసం నగరం నడిబొడ్డున వీధులు మూసివేస్తారు కాబట్టి, పెద్దవారితో వెళ్ళేటప్పుడు గది ఎక్కడ ఉందో చూసుకొని తీసుకోండి. చివరి అరకిలోమీటరు పెట్టె లాక్కుంటూ నడిచాను నేను.

ఎత్లా ప్రాంతంలో నవంబరు 1 రాత్రి జరిగే మ్వెర్తేయాదా అనే వేషాల ఊరేగింపు అద్దాలు, మువ్వలు కుట్టిన దుస్తులతో అద్భుతంగా ఉంటుంది కాని, అది తెల్లవారేదాకా సాగుతుంది. మీ అమ్మగారికి వద్దు.

కందిపొడి

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండవ ప్రణాళికను మానుకున్నాను. కొవ్వొత్తులు జరిపిన ఆ పెద్దావిడ గురించి చదివి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, రాత్రి హోహోకోత్లాన్ వద్దు, ఎవరైనా పిలిస్తేనే వెళ్దాం అన్నారు. ఇక మిగిలినవి రెండు సంగతులు. చేతిపనుల ఊళ్ళలో ఏది కొనాలి, ఏది కొనకూడదు? శాకాహారికి ఎనిమిది రోజులు భోజనం కుదురుతుందా?

మగ్గంగుంట (జవాబు)

చేతిపనుల విషయం నేను చెప్తాను; నేతపని నా వృత్తి.

తియోతిత్లాన్‌లో ఉన్ని తివాచీలు నేస్తారు. ప్రతి దుకాణంలోనూ సహజమైన రంగులే అంటారు, అందరూ అవే వాడరు. కనుక రంగు వేసే ఇంటికి వెళ్ళండి. నాగజెముడు ఆకుల మీద బతికే చిన్న పురుగును ఎండబెట్టి ఎర్ర రంగు తీస్తారు. దానిని గ్రానా కోచినీయా అంటారు. కిలో రంగుకు లక్షకు పైగా పురుగులు కావాలి. నేను చూసిన నేతగాడు నాలుగు ఎండు పురుగులను అరచేతిలో వేసి బొటనవేలితో నలిపాడు, చెయ్యి ముదురు ఎరుపైంది. దానిపై నిమ్మరసం పిండితే క్షణంలో నారింజ ఛాయకు తిరిగింది. చిటికెడు వంటసోడా వేస్తే ఊదా రంగైంది. ఒకే రంగులోంచి ఇన్ని ఛాయలు వస్తున్నాయంటే, అది పులుపుకు, క్షారానికి స్పందించే కోచినీయా అని అర్థం. ఇది ఇప్పుడు పర్యాటకుల కోసం చేసే ప్రదర్శనగా మారిపోయిన మాట నిజమే. అందుకని ప్రదర్శన చూసి ఊరుకోకుండా, నూలు ఉడికే గిన్నెలను, మగ్గం మీద సగంలో ఉన్న తివాచీని చూపించమని అడగండి. పెద్ద తివాచీకి నెలలు పడుతుంది కాబట్టి బేరమాడడం నాకు నచ్చదు, చిన్నది కొనుక్కోండి.

సాన్ బార్తోలో కోయోతెపెక్ నల్లమట్టి పాత్రలకు పేరు పొందింది. బూడిద రంగులో వచ్చే పాత పాత్రలకు ఆ నల్లటి మెరుపు తెచ్చినది దోన్యా రోసా అనే కుమ్మరి. పాత్ర పూర్తిగా ఆరకముందే పలుగురాయితో రుద్ది, తక్కువ వేడిలో, గాలి చొరకుండా కాలిస్తే ఆ మెరుపు వస్తుందని 1950లలో ఆమె కనిపెట్టింది. మీరు తెలుసుకోవలసిన చిక్కు ఇదే: ఆ మెరిసే కూజా నీళ్ళు పట్టదు, కారుతుంది. నీళ్ళకు కావాలంటే మెరుపు లేని బూడిద రంగు కూజాను అడగాలి. సాంతా మరీయా అట్సోంపాలో ఆకుపచ్చ మెరుపుపూత ఉన్న వంటపాత్రలు అందంగా ఉంటాయి కాని, పాత పద్ధతి పూతలో సీసం ఉంటుంది. పులుసు పోసే పాత్ర కొనేటట్లయితే ‘సిన్ ప్లోమో’, అంటే సీసం లేనిది, అని చెప్పినదే తీసుకోండి. నమ్మకం కుదరకపోతే గోడకు తగిలించుకోవచ్చు.

సాన్ మార్తీన్ తిల్కహేతేలో, అరాసోలాలో కోపాల్ కర్రతో రంగురంగుల వింత జంతువులను చెక్కుతారు. వాటిని అలెబ్రీహెస్ అంటున్నా, ఆ పేరు మెక్సికో సిటీలో కాగితపు గుజ్జుతో బొమ్మలు చేసిన పేద్రో లినారెస్ నుంచి వచ్చింది. జ్వరంలో వచ్చిన కలలో ఆ జంతువులను చూశానని ఆయన చెప్పేవారు. మెత్తటి కర్ర కాబట్టి లోపల పురుగు ఉండే అవకాశం ఉంది. ఇంటికి రాగానే సంచిలో చుట్టి కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. నేను పెట్టలేదు; మూడు నెలల తరువాత నేను కొన్న నక్క బొమ్మ తోక కింద సన్నటి కర్ర పొడి రాలింది.

కోయోతెపెక్‌లోనే రాష్ట్ర జానపద కళల మ్యూజియం ఉంది. కొనడానికి ముందే ఒక గంట అక్కడ గడిపితే ఏది మంచి పనో కంటికి తెలుస్తుంది.

పెరుగన్నం (జవాబు)

నేను పూర్తి శాకాహారిని, గుడ్డు కూడా తినను. వహాకాలో ఆరు రోజులు ఉన్నాను, ఆకలితో పడుకోలేదు. కాకపోతే చూసేదానికి, తినేదానికి మధ్య చాలా తేడా ఉంటుందని ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే కనబడని కొవ్వు అక్కడ అన్నింటిలోనూ ఉంటుంది.

త్లాయూడా అనే పళ్ళెమంత పెద్ద రొట్టె మీద బీన్స్ ముద్ద, పోగులుగా చీలే కేసీయో అనే జున్ను, క్యాబేజీ వేసి నిప్పుల మీద కాలుస్తారు. చూడడానికి శాకాహారమే. కాని ఆ రొట్టెకు ముందుగా పూసేది అసియెంతో, అంటే పంది కొవ్వు కరిగించినప్పుడు అడుగున మిగిలే మడ్డి. ‘సిన్ అసియెంతో, సిన్ కార్నే’ అని వారు పూయకముందే చెప్పాలి. బీన్స్‌ను కూడా చాలాచోట్ల మాంతేకా అనే పంది కొవ్వులోనే వేయిస్తారు. మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెస్ పిండిలోనూ అదే కలుస్తుంది కాబట్టి లోపల బీన్స్ ఉన్నాయన్న మాటతో తృప్తి పడకండి. మోలే మరీ కష్టం. ముద్దను వేయించేది కొవ్వులో, పలుచన చేసేది కోడిమాంసం ఉడికిన నీళ్ళతో. అంగడిలో దొరికే మోలేను మీ అమ్మగారు తినలేరు.

ఇక్కడే చిన్న బృందం పనికి వస్తుంది. వంట మన కళ్ళ ముందు మొదలవుతుంది కాబట్టి, నూనెతో వేయించి కూరగాయల నీళ్ళు పోయమని ముందురోజే అడగవచ్చు. మాకు అలాగే చేసి పెట్టారు. ఆ ఇంటి కోడలు అత్తగారి వంక చూసి నవ్వుతూ, పెద్దల వేదిక మీద పెట్టే మోలే మాత్రం మార్చం, అది వాళ్ళ రుచి అంది. బుకింగ్ చేసేటప్పుడు ‘శాకాహారి’ అన్న ఒక్క మాట రాసి ఊరుకోకుండా కొవ్వు, మాంసం ఉడికిన నీళ్ళు, జున్ను, గుడ్డు ఒక్కొక్కటీ విడిగా రాయండి. పండుగ రొట్టెలో గుడ్డు తప్పక ఉంటుంది.

ధైర్యంగా తాగదగినవి తెహాతే, నీళ్ళతో కాచిన చాక్లెట్. తెహాతేను సున్నపు నీటిలోనో బూడిద నీటిలోనో ఉడికించిన మొక్కజొన్న, కోకో, మామేయ్ పండు గింజ, ఒక రకం పువ్వు నూరి, చల్లటి నీళ్ళు పోసి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతారు. పైన తేలే తెల్లటి నురగను చూసి విరిగిన పాలనుకొని మా తమ్ముడు వద్దన్నాడు. వాడి గిన్నె కూడా నేనే తాగాను. పాలు ఏమీ ఉండవు అందులో.

మట్టిమూకుడు

కందిపొడి గారూ, ఒక చిన్న చేర్పు. ఏదైనా కుటుంబం మిమ్మల్ని పిలిస్తే ఖాళీ చేతులతో వెళ్ళకండి. రొట్టె, చాక్లెట్, పూలు, ఒక పెద్ద కొవ్వొత్తి అక్కడి మర్యాద, వాటిని నేరుగా వేదిక దగ్గర పెడతారు. ఊరిలో దుకాణాలు కార్డులు తీసుకుంటాయన్న నమ్మకంతో ఉండకుండా చిన్న నోట్లలో పెసోలు దగ్గర ఉంచుకోండి. నగరం 1,500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. పగలు ఎండ, రాత్రి చలి. సమాధుల పక్కన కూర్చోవడానికి మీ అమ్మగారికి ఒక మడత పీట, ఒక మందపాటి శాలువా తీసుకువెళ్ళండి. రెండవది మరచిపోయినా ఫరవాలేదు, తియోతిత్లాన్‌లో దొరుకుతుంది.